బుల్లెట్ ముల్లు చెప్పే సంగతి: పాత మోటారు సైకిళ్లలో ఛార్జింగ్ లోపాన్ని గుర్తించే క్రమం

పుదుచ్చేరి: సముద్రపు ఒడ్డునున్న గూబేర్ అవెన్యూ నుంచి మిషన్ వీధి దాకా, పాతపట్నం వీధుల్లో పాత బుల్లెట్ మోటారు సైకిళ్లు నేటికీ తిరుగుతున్నాయి. వాటి హెడ్‌లైటు పైభాగాన స్పీడోమీటరుకు చేరువలో ఒక చిన్న గుండ్రని పరికరం ఉంటుంది. అదే అమ్మీటరు. దాని ముల్లు కదలకపోయినా, ఎప్పుడూ మైనస్ వైపే వాలి ఉన్నా చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు, లేదా ఆల్టర్నేటరు విప్పిస్తారు. లోపం ఎక్కడుందో తేల్చకుండా విడిభాగాలు మార్చడం వల్ల డబ్బు ఖర్చవుతుందే తప్ప బండి బాగుపడదు. పైగా చెన్నై వైపు సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద రాత్రివేళ దీపాలు ఆరిపోతే అది ప్రాణాలకే ప్రమాదం.

బ్రిటన్‌లోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. మద్రాసు చేరువలోని తిరువొత్తియూరు కర్మాగారంలో బుల్లెట్ తయారీ సాగింది. పాత తరం బళ్లలో 6 వోల్టుల విద్యుత్ వ్యవస్థ ఉండేది. తరువాతి కాలంలో 12 వోల్టుల వ్యవస్థ వచ్చింది. పరీక్షకు పూనుకునే ముందు మన బండి ఏ రకానికి చెందిందో తెలుసుకోవాలి.

ముల్లు దేనిని కొలుస్తుంది?

అమ్మీటరు బ్యాటరీలో ఎంత విద్యుత్తు నిల్వ ఉందో చెప్పదు. బ్యాటరీలోకి విద్యుత్తు వస్తోందా, బయటికి పోతోందా అన్నదే చెబుతుంది. ఇంజను ఆగి ఉండగా తాళం తిప్పితే, కాంటాక్టు పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి. ఇంజను మధ్యస్థ వేగంతో నడుస్తుంటే మధ్యకు గాని, ప్లస్ వైపుకు గాని రావాలి. బ్యాటరీ నిండిన తరువాత ముల్లు మధ్యలోనే నిలిచిపోవడం సహజం. దానిని లోపమని పొరబడకూడదు. కొన్ని నమూనాల్లో హెడ్‌లైటుకు విద్యుత్తు ఆల్టర్నేటరు నుంచి నేరుగా అందుతుంది. అటువంటి బళ్లలో ఆ దీపం వాడకం అమ్మీటరులో కనిపించదు. బ్రేక్ లైటు వెలిగించో, హారన్ మోగించో చూడాలి.

పాత బుల్లెట్ యజమానులకు ఈ ముల్లుతో మరో అవసరం కూడా ఉంది. తాళం తిప్పి కిక్ లీవరును నెమ్మదిగా నొక్కుతూ పోతే, మైనస్ వైపున్న ముల్లు ఒకచోట మధ్యకు వస్తుంది. పాయింట్లు విడివడ్డాయనీ, పిస్టన్ పై అంచుకు చేరువైందనీ దానికి అర్థం. అప్పుడు డీకంప్రెసర్ పట్టి లీవరును కొద్దిగా ముందుకు జరిపి, ఆపై గట్టిగా కిక్ కొడితే ఇంజను సులువుగా అందుకుంటుంది. ముల్లు పనిచేయకపోతే ఈ సౌకర్యం కూడా పోతుంది.

ఉప్పుగాలి ప్రభావం

తీరప్రాంతంలో గాలిలోని తేమకు ఉప్పు తోడై రాగి తీగల చివర్లకు పచ్చని చిలుము, ఇనుప భాగాలకు తుప్పు పట్టిస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ బెడద పెరుగుతుంది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంజల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు పట్టణంలోని పలు వీధులు నీట మునిగాయి. అలా నీటిలో నానిన బండి పైకి ఆరినట్లు కనిపించినా, వైర్ల అతుకుల లోపల తుప్పు కొనసాగుతూనే ఉంటుంది.

ఈ చిలుము 6 వోల్టుల బండిని ఎక్కువగా బాధిస్తుంది. 35 వాట్ల దీపం 6 వోల్టుల మీద సుమారు 6 ఆంపియర్లు, 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. చిలుము పట్టిన ఒక అతుకులో 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. మొదటి బండిలో 0.6 వోల్టు, అంటే పదో వంతు అక్కడే నష్టమవుతుంది. రెండో బండిలో పోయేది 0.3 వోల్టు, అంటే నలభయ్యో వంతు మాత్రమే. కాబట్టి పాత బండి దీపం మినుకుమినుకుమంటుంటే ముందుగా అనుమానించవలసినవి అతుకులే.

పరీక్షించవలసిన వరుస

సాధారణ మల్టీమీటరు ఒకటి ఉంటే ఈ పరీక్షలన్నీ చేయవచ్చు.

మొదటిది బ్యాటరీ. బండిని కొన్ని గంటలు ఆపి ఉంచిన తరువాత కొలిస్తే, పూర్తిగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6, 6 వోల్టులది సుమారు 6.3 వోల్టులు చూపాలి. లోపలి ద్రవం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.

రెండవది అతుకులు, ఎర్త్ వైరు. దీపం వెలిగించి, మీటరు ఒక తీగను బ్యాటరీ ఎర్త్ కొసకు, మరొక తీగను ఇంజను లోహానికి ఆనించాలి. మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.2 వోల్టు దాటితే ఆ దారిలో తుప్పు ఉందని అర్థం. బ్యాటరీ వైర్లు తీసి, అతుకులను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి.

మూడవది ఛార్జింగ్. ఇంజనును మధ్యస్థ వేగంతో నడుపుతూ బ్యాటరీ కొసల వద్ద కొలవాలి. 12 వోల్టుల బండిలో 13.5 నుంచి 14.5 వరకు, 6 వోల్టుల బండిలో సుమారు 7 వోల్టులు కనిపిస్తే ఛార్జింగ్ సరిగానే ఉన్నట్లు. 12 వోల్టుల బండిలో 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పినట్లే. అది బ్యాటరీని ఉడికించేస్తుంది.

నాలుగవది ఆల్టర్నేటరు. ఛార్జింగ్ లేదని తేలితేనే దీని జోలికి వెళ్లాలి. బుల్లెట్‌లో ఇది ఎడమవైపు ప్రైమరీ చైన్ పెట్టెలో ఉంటుంది. దాని వైర్లను విడదీసి, మీటరును ఏసీ కొలతపై ఉంచి చూస్తే, ఇంజను వేగంతో పాటు వోల్టేజి పెరగాలి. ఇంజను ఆపిన తరువాత ఆ వైర్లకు, ఇంజను లోహానికి మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు. చైన్ పెట్టె నుంచి వైర్లు బయటికి వచ్చే చోట పైతొడుగు గట్టిపడి చిట్లిందేమో కూడా చూడాలి.

అయిదవది రెక్టిఫయరు. ఆల్టర్నేటరు ఇచ్చే ఏసీని బ్యాటరీకి పనికివచ్చే డీసీగా మార్చేది ఇదే. ఇందులోని ప్రతి డయోడూ ఒక దిశలోనే విద్యుత్తును పోనివ్వాలి. రెండు దిశల్లోనూ పోనిచ్చినా, ఏ దిశలోనూ పోనివ్వకపోయినా అది చెడినట్లే.

చివరిదే అమ్మీటరు. దానిని విప్పి, ఫ్యూజు, 21 వాట్ల బల్బులతో పాటు ఒకే వరుసలో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ముల్లు సుమారు 1.75 ఆంపియర్లు చూపాలి. బల్బు వెలిగినా ముల్లు కదలకపోతే లోపం అమ్మీటరులోనే ఉంది. బండిలో బిగించాక ముల్లు తలకిందులుగా చూపితే, వెనుకనున్న రెండు వైర్లు తారుమారై ఉంటాయి. బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తంతా ఈ పరికరం గుండానే పోతుంది కాబట్టి, దాని వెనుక నట్టు వదులైనా బండి నిలిచిపోవచ్చు.

ఈ పొరపాట్లు చేయరాదు

అమ్మీటరును బ్యాటరీ రెండు కొసల మధ్య నేరుగా కలపరాదు. క్షణంలో కాలిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయరాదు. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి బల్బులు మాడిపోవచ్చు. పాత బ్రిటిష్ బళ్లలో చాలావాటికి ప్లస్ కొసే ఎర్త్. బ్యాటరీని తిరగేసి కలిపితే రెక్టిఫయరు దెబ్బతింటుంది. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక నిప్పును దగ్గరికి రానీయకూడదు.

యాభై ఏళ్లు దాటిన బళ్ల యజమానులకు మరో విషయం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేయకుండా అసలు రూపంలో కాపాడుకున్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైన బండిని నిత్య ప్రయాణాలకు వాడకూడదు. ఎక్కువ కాలం ఆగి ఉండే బండిలో బ్యాటరీ దానంతటదే నీరసిస్తుంది. నెలకొకసారి బయటి ఛార్జరుతో నింపడం మేలు.

గోదావరి తీరాన ఉన్న యానాంలోనూ, కాకినాడ, విశాఖ తీరాల్లోనూ ఇదే తేమ, ఇదే ఉప్పుగాలి. అక్కడి పాత బళ్లకూ ఈ వరుసే వర్తిస్తుంది. ముల్లు మైనస్ వైపు వాలినప్పుడు దుకాణానికి బయలుదేరే ముందు మల్టీమీటరు, గరుకు కాగితం అందుకుంటే చాలాసార్లు ఖర్చు అక్కడితోనే తీరిపోతుంది.