రాతి సీమలో ఎర్తింగు

2023 సెప్టెంబరులో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలలో 145 మెగావాట్ల మోటారు నీరెత్తగా మనమెల్లరము సంతసించితిమి. అట్టి యంత్రశాలల యడుగున ఎర్తింగునకై ఉక్కుకడ్డీల వల పరచుదురు. నల్లగొండలోనో మహబూబ్‌నగరులోనో మేడ కట్టించు గృహస్థు మాత్రము కూలీలు పనిచేయుచోట ఒక యినుపకడ్డీని దిగగొట్టించి నిశ్చింతుడగుచున్నాడు. వేసవి నెండిన యీ గ్రానైటు నేలలోనికి విద్యుత్తు సులభముగ దిగదు. కాంక్రీటు మిల్లరు తొడుగునకు కరెంటు సోకినను ఫ్యూజు పోదు. తడికాళ్లతో దానిని ముట్టిన కూలివాని దేహమే తీగ యగును. బోరుబావికై వందలాది యడుగుల రాతిని తొలిపించు యజమానులు ఎనిమిదడుగుల ఎర్తు గుంతకు వెనుదీయుట మాకు వింతగ నున్నది. గుంతలో తేమ యారనీయక, మిల్లరును, పరంజా గొట్టములను ఒకే తీగతో ఎర్తునకు గలిపించి, 30 మిల్లియాంపియర్లు కారినంతనే కరెంటును తెగగొట్టు స్విచ్చిని పెట్టించి, ఎర్తును కొలిపించిన పిదపనే కూలీలను పనిలోనికి దింపుడని కోరుచున్నాము.