తాహో సరస్సుపై ఎవరి మాట చెల్లును?

అమెరికా పశ్చిమభాగమున, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రములు రెండును పంచుకొనుచున్న తాహో సరస్సు నిర్మలజలమునకు ప్రసిద్ధము. దాని తీరమున ఎచ్చట ఏ కట్టడము లేవవచ్చునో నిర్ణయించుటకై ఆ రాష్ట్రములు చేసికొన్న ఒడంబడికను 1969లో అచ్చటి కాంగ్రెసు ఆమోదింపగా, ప్రాంతీయ ప్రణాళికా సంస్థ యొకటి యేర్పడెను.

1980లో సవరింపబడిన ఆ ఒడంబడిక ననుసరించి పాలకమండలిలో 15 మంది సభ్యులుందురు: రాష్ట్రమునకు ఏడుగురు చొప్పున పదునలుగురును, దేశాధ్యక్షుడు నియమించు, ఓటుహక్కు లేని యొకరును. కాలిఫోర్నియా సభ్యులలో ముగ్గురిని మన జిల్లాలవంటి కౌంటీలు రెండును, ఒక నగరమును పంపగా, ఇద్దరిని గవర్నరు, ఒకరిని శాసనసభ స్పీకరు, ఒకరిని సెనేటు నియమావళి సంఘము నియమింతురు.

ఈ కడపటి నలుగురును ఆ సరస్సు ప్రాంతవాసులు కారాదనుట ఈ యేర్పాటులో నాకు మిక్కిలి వివేకవంతముగ దోచిన నిబంధన. ఏలయన, ఇరుగుపొరుగువారియెడ మొగమాటమియు, తన స్థలము వెల పెరుగవలెనను ఆశయు లేనివాడే దూరముననున్న ప్రజలందఱి పక్షమున నిర్భయముగ మాటలాడగలడు. నెవాడా పద్ధతి కొంత భిన్నము. అచ్చటి ఆరుగురు సభ్యులు కూడి ఏడవవారిని తామే యెన్నుకొందురు.

ఒక కట్టడమునకు అనుమతి లభింపవలెనన్న, అది యే రాష్ట్రమున నున్నదో ఆ రాష్ట్రసభ్యులలో కనీసము ఐదుగురును, మండలి మొత్తముమీద కనీసము తొమ్మండుగురును సమ్మతింపవలెను.