టమాటాల లెక్కకు ఒక పట్టీ

కూకట్‌పల్లి రైతుబజారు నుంచి కూరగాయల సంచీతో వచ్చిన ఓ సాయంత్రం, ఆరో తరగతి చదివే మా మేనకోడలికి ఈ లెక్క ఇచ్చాను. ఒకామె తెచ్చిన టమాటాల్లో పొద్దున 2/5 వంతు అమ్మింది. మిగిలినవాటిలో సగం మధ్యాహ్నం అమ్ముడుపోయాయి. సాయంత్రానికి 18 కిలోలు మిగిలాయి. మొత్తం ఎన్ని కిలోలు తెచ్చింది?

'మిగిలిన' అన్న మాట కనబడగానే పాప తీసివేతకు దిగింది. దేంట్లోంచి దేన్ని తీసెయ్యాలో తెలియక పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. భిన్నాలు తనకు బాగానే వచ్చు. కానీ సగం అంటే దేంట్లో సగమో మాటల్లో చదివితే చటుక్కున తట్టదు. మొత్తం ఒకటి, శేషం ఒకటి, ఆ శేషంలో శేషం ఇంకొకటి. ఇవన్నీ ఒకేసారి తలలో మోయడం పెద్దవాళ్లకే కష్టం.

"బొమ్మ గీసి చూడమ్మా" అన్నాను. తక్కెడ, బుట్ట, తొడిమలతో సహా టమాటాలు గీసింది. ముచ్చటగా ఉంది, లెక్క మాత్రం కదల్లేదు. తప్పు నాదే, ఏం గీయాలో చెప్పలేదు. 1999లో మేరీ హెగార్టీ, మారియా కొజెవ్నికోవ్ అనే పరిశోధకులు ఆరో తరగతి పిల్లల్లో గమనించిందీ ఇదే. వస్తువుల రూపాన్ని ఊహించుకున్నవాళ్లు తడబడ్డారు, వాటి మధ్య సంబంధాన్ని ఊహించుకున్నవాళ్లు బాగా చేశారు.

ఈసారి పొడుగాటి పట్టీ ఒకటి గీయమన్నాను. అదే మొత్తం సరుకు. ఐదు గళ్లు చేసి రెండు కొట్టేసింది. మూడు మిగిలాయి. మూడింట్లో సగమంటే నడిమి గడి తెగుతుంది. కాసేపు దానికేసే చూసి, ప్రతి గడినీ రెండుగా చీల్చింది! నేను చెప్పలేదు, పట్టీయే చెప్పింది. ఇప్పుడు పది గళ్లు. పొద్దున నాలుగు, మధ్యాహ్నం మూడు పోగా మిగిలిన మూడింట్లో 18 కిలోలు. గడికి 6, మొత్తం 60. 24, 18, 18 అని కూడి సరిచూసుకుంది కూడా.

ఈ పట్టీల పద్ధతిని సింగపూర్ 1980లలో ప్రాథమిక తరగతుల్లోకి తెచ్చింది. లెక్క మాత్రం మనకు పాతదే. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో ఇలాంటివాటిని శేషజాతి అన్నాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పడుకోబోయే ముందు పాప తనే ఒక లెక్క కట్టింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కినవాళ్లలో మూడో వంతు కూకట్‌పల్లిలో దిగారట. మిగిలినవాళ్లలో సగం అమీర్‌పేటలో దిగితే 40 మంది మిగిలారట. కాగితం మీద ఖాళీ పట్టీ గీసి నా చేతికిచ్చింది.