చిట్టి ప్రాణి జబ్బుపడితే

మన పెద్దలు ఎలుకను బోనులో పట్టేది ఊరి వెలుపల వదిలి రావడానికి. ఇప్పటి పిల్లలు ముందుగా బోను కొని, అందులో ఉంచడానికి ఎలుకజాతి ప్రాణిని కొని తెస్తున్నారు. వినాయకుని వాహనమే గదా అని బామ్మగారు ఒప్పుకున్న ఇంట గొడవ లేదు. ఒప్పుకోని ఇంట అది మేడమీది గదిలో అజ్ఞాతవాసం చేస్తున్నది. దాని పేరు హామ్‌స్టర్. తోక ఉన్నదీ లేనిదీ తెలియనంత పొట్టి. బుగ్గలలో రెండు సంచులు. పగలు నిద్ర, రాత్రి సంచారం.

దీని పుట్టిల్లు సిరియా దేశంలో అలెప్పో నగర ప్రాంతం. 1839లో వాటర్‌హౌస్ అనే ఆంగ్లేయుడు దీనిని శాస్త్రరీత్యా వర్ణించాడు. 1930లో అహరోని అనే జెరూసలేం జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో దగ్గర ఒక పొలంలో బొరియ తవ్వించి, తల్లినీ పిల్లలనూ తీసుకుపోయాడు. ఈనాడు లోకమంతటా ఇండ్లలో పెరుగుతున్న బంగారు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క సంసారపు సంతానమే. ఈ పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి కారణం ఉన్నది. బలహీనత బయటపడితే గుడ్లగూబకో నక్కకో ఆహారమైపోయే జాతి కాబట్టి, జబ్బును దాచుకోవడం దాని స్వభావం. దాని ఆయువే రెండు మూడేళ్ళు. మన కంటికి జబ్బు కనిపించేసరికి చికిత్సకు మిగిలే వ్యవధి చాలా స్వల్పం.

నేను పగలంతా రిజిస్టర్లు వ్రాసే గుమాస్తాను. మా రెండవ అమ్మాయి హామ్‌స్టరును తెచ్చి బఠాణీ అని పేరు పెట్టిన రోజుననే దానికీ ఒక పద్దు పుస్తకం తెరిచాను. ప్రతి ఆదివారం సాయంకాలం వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో దానిని కూర్చోబెట్టి తూచి వ్రాసేవాణ్ణి. ఇంటిల్లపాదీ నవ్వారు. 124 గ్రాములు, 123, మళ్ళీ 124 అని సాగిన పద్దు ఒక ఆదివారం 117కు, మరు ఆదివారం 109కి దిగింది. బొచ్చు మూలాన చిక్కినట్టే కనిపించదు. గింజ వేస్తే పరుగెత్తుకొచ్చి బుగ్గన వేసుకుంటున్నది కూడా. తీరా గూడు వెదికితే ఆ గింజలన్నీ అక్కడే కుప్పగా ఉన్నవి. పశువైద్యులు నోరు తెరిచి చూస్తే క్రింది పళ్ళు పెరిగి వంకర తిరిగాయి. ఎలుకజాతికి ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి; ఒకదానికొకటి సరిగా ఆనకపోతే అరగవు, ఆహారం కొరకనీయవు. ఆయన కత్తిరించి పంపారు. నాలుగు రోజులు నానబెట్టిన మేతగుళికలను మెత్తగా మెదిపి, సూది లేని సిరంజితో చుక్క చుక్కగా మా అమ్మాయి పట్టింది. మూడు వారాలకు 120 పలికింది. అయితే వంకర పళ్ళు ఒక్కసారితో తీరే వ్యవహారం కాదు. కొన్ని వారాలకొకసారి మళ్ళీ వైద్యుని దగ్గరకు పోవలసిందే. ఆ ఖర్చు ఇంటి లెక్కలో చేరింది. పద్దు పుస్తకం చూచి నవ్వేవారు మాత్రం తగ్గారు.

అంగడి నుంచి కొత్తగా తెచ్చిన పసికూనలకు మరొక గండం ఉన్నది. తల్లిని విడిచిన బెంగ, కొత్త చోటు, ఇరుకు బోను వీటి మధ్య విరేచనాలు పట్టుకొని తోక ప్రాంతం తడిసి దుర్వాసన వేస్తుంది. ఒళ్ళు ముడుచుకొని కూర్చుంటుంది. రెండు రోజులలో ప్రాణం పోవచ్చు. రేపు చూద్దామనుకోరాదు, ఆ పూటే తీసుకుపోవాలి. అంటుజబ్బు కనుక వేరే హామ్‌స్టర్లుంటే దూరంగా ఉంచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అన్నిటికన్నా భయపడవలసింది మన మందుల డబ్బాకు. అబ్బాయి జ్వరానికి వాడగా మిగిలిన మాత్రలో నలుసంత ఇస్తే పోయేదేముందని పక్కింటి పిన్నిగారు ప్రేమతోనే చెప్పవచ్చు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, ఎరిత్రోమైసిన్ వంటివి మనలను బ్రతికించే మందులే గాని హామ్‌స్టరుకు విషమే. అవి దాని పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపివేస్తాయి; ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే క్రిమి పెరిగి విషం పుట్టిస్తుంది. మందు ఏదైనా వైద్యుని చేతి మీదుగానే పడాలి.

చెన్నపట్నం, బళ్ళారి వేసవి మనకే దుర్భరం. బొరియలో చల్లగా బ్రతికే జాతి మాట చెప్పనక్కరలేదు. ఎండ తగలని మూల బోను ఉంచి, లోపల ఒక మట్టి పిడతను పక్కకు వాల్చి పెడితే అందులో దూరి పడుకుంటుంది. మంచునీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి బోను పక్కన ఆనించవచ్చు. స్నానం చేయించరాదు. ఉదకమండలంలోని మన వారికి దీనికి విరుద్ధమైన చిక్కు: చలి 5 డిగ్రీలకు దిగితే అది బిగుసుకుపోయి చచ్చినట్టు పడి ఉంటుంది. గొయ్యి తవ్వే ముందు మెల్లగా వెచ్చబరచి చూడండి.

నడుముకు రెండు వైపులా కనిపించే నల్లమచ్చలు జబ్బు కాదు, వాసన గ్రంథులు. లడ్డు ముక్క, బెల్లం పెట్టకండి. బుగ్గ సంచిలో అంటుకొని కుళ్ళుతాయి. ఒక బుగ్గ ఒక రోజు దాటినా ఉబ్బే ఉంటే చూపించాలి. మరుగుజ్జు జాతులకు మధుమేహం కూడా వస్తుంది. ఊరికే నీళ్ళు తాగుతుంటే అనుమానించండి.

ఎక్కడ చూపించాలంటారా? 1903లో వెలసిన మద్రాసు పశువైద్య కళాశాలకు వేపేరిలో ఆసుపత్రి ఉన్నది. బెంగుళూరు హెబ్బాళ కళాశాలకూ ఉన్నది. ఇతర ఊళ్ళలో కుక్కలకు, ఆవులకు అలవాటుపడిన వైద్యులే ఎక్కువ. కాబట్టి ఈ జాతిని చూచేవారెవరో జబ్బు రాకముందే వాకబు చేసుకోండి. బోను మీద గుడ్డ కప్పి తీసుకుపోండి.

మా బఠాణీకి రెండేళ్ళు నిండాయి. మెట్లెక్కలేదని బోనులోని పై అంతస్తు తీసివేశాం. నీళ్ళ సీసా క్రిందికి దించాం. పోయిన ఆదివారం తూకం 112. ఈ అంకె ఇకమీదట ఏ వైపు పోతుందో మా అమ్మాయికి చెప్పే ఉంచాను. ఆమె తలాడించి, గుమ్మడి గింజ ఒలిచి దాని నోటికందించింది.