దూలానికో తోడు!

తాతలనాటి మేడ. పై గదిలో పిల్లలు గెంతితే కింద అల్మరాలో గిన్నెలు గలగలమంటాయి. 'పాతిల్లు కదా, మామూలే' అనుకుంటాం. తీరా తలెత్తి చూస్తే... పై నేలను మోసే టేకు దూలానికి ఎప్పుడో వైరింగు పైపు కోసం పెట్టిన గాటు!

చిన్న గాటేగా అని తీసిపారేయొద్దు. దూలం నిలువు మందం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 8 అంగుళాల దూలానికి నడిమధ్య 2 అంగుళాలు కోస్తే అక్కడ మిగిలేది 56 శాతం బలమే. గాటు అడుగువైపు ఉంటే మరీ ప్రమాదం. బరువుకి సాగేదీ, చీలిక మొదలయ్యేదీ అక్కడే. పుట్టీ పూస్తే గాటు కనపడదంతే, బలం రాదు.

మరి దూలం మార్చాల్సిందేనా? చాలాసార్లు అక్కర్లేదు. ముందు కింద ఊతకర్రలు నిలబెట్టి బరువు ఆపాలి. వంగిన దూలాన్ని జాకీతో కొద్దికొద్దిగా లేపాలి. దాని పక్కనే అంతే మందమున్న కొత్త దూలాన్ని, రెండు కొసలూ గోడల మీద ఆనేలా చేర్చి బోల్టులు బిగించాలి. చోటు చాలకపోతే ఇనుప చానెల్ వేయొచ్చు.

చెదలు, గోడలో చెమ్మ ఉంటే మాత్రం ముందు వాటి సంగతి చూడాలి. లేకుంటే కొత్త దూలానికీ అదే గతి. అన్నట్టు, ఇంజినీరుకు చూపించాకే పని మొదలెట్టండి. అప్పటిదాకా పిల్లల గెంతులు పెరట్లోనే!