పళ్లెముపై నెక్కు వేళ

చల్లపల్లినుండి పామఱ్ఱు పోవు త్రోవలోనే కూచిపూడి కలదు. కావున మా యూరి తల్లులకు నాట్యమన్నది దూరపు విద్య కాదు. ఆడపిల్లకు ఏడవయేడు రాగానే నేర్పింపవలెనను కోరిక పుట్టును. ఆ కోరిక మంచిదే. కాని పిల్ల తొలి యడుగు వేసిన మఱునాటినుండియే "మా అమ్మాయి పళ్లెము మీద ఎప్పుడాడుతుందండీ?" అని గురువుగారి నడుగుట మొదలగును. ఆ ప్రశ్నను గూర్చియే యీ నాలుగు మాటలు.

తరంగమన నేమో మీరెఱుగుదురు. నారాయణతీర్థులవారి కృష్ణలీలాతరంగిణిలోని కీర్తన పాడుచుండగా నర్తకి యిత్తడి పళ్లెపుటంచున రెండు పాదములు నిలిపి, వ్రేళ్లతో అంచును పట్టి, బరువును ఒక పాదమునుండి వేఱొక పాదమునకు మార్చుచు పళ్లెమును ముందునకును వెనుకకును నడపును. ఒక్కొక్కమాఱు శిరస్సుపై నీళ్లచెంబు సైతముండును. చూచువారికి అది గారడివలె తోచును గాని, మృదంగముతో జతి తప్పక, ముఖమున అభినయము చెడక క్రింద పళ్లెము నడువవలెను.

ఒకప్పుడు ఈ విద్య కూచిపూడి కుటుంబములలోని మగపిల్లలకే చెందినది. స్త్రీవేషములును వారే ధరించెడివారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచినవారు నేటికిని చెప్పుకొందురు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు నేర్పిరి. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన పిమ్మట బాలికలెందఱో ఈ విద్య నభ్యసించిరి. తాతతండ్రులయొద్ద దినదినము సాధన చేసిన ఆనాటి బాలురకును, వారమునకు రెండు సాయంకాలములు మాత్రము పోయివచ్చు మన బాలికలకును ఒక్కటే లెక్క చెల్లదుగదా!

ఇక మా యింటి సంగతి. మా చెల్లెలి కుమార్తెకు అప్పుడు ఎనిమిదేండ్లు. బడి వార్షికోత్సవమునకు నెలదినములున్నదనగా మా చెల్లెలు "మేష్టారూ, ఈసారి పళ్లెము మీద ఒక్క జతియైనా వేయించండి" అని అడిగినది. ఆయన నవ్వి "ఇంకా నేలే కుదరలేదమ్మా" అనిరి. మా చెల్లెలికి చిన్నతనమైనది. ఎదురింటి పిల్ల పళ్లెమెక్కిన వీడియోను బంధువులందఱును సెల్‌ఫోనులలో చూచియుండిరి మఱి! నాయొద్దకు వచ్చి "అక్కయ్యా, మీ అటకమీద పాత ఇత్తడి పళ్లెముండాలి, ఇంట్లోనే అలవాటు చేస్తాను" అన్నది. దించి యిచ్చినదానను నేనే. చింతపండుతో తోమి మఱీ యిచ్చితిని.

టైల్సు పఱచిన నున్నని నేల. మూడవనాడు పళ్లెము జారి పిల్ల ప్రక్కకు ఒరిగిపడినది. చీలమండ వాచినది. ఎముక విఱుగలేదని వైద్యుడు చెప్పువఱకు మా యింట ఎవరును అన్నము ముట్టలేదు. అంతకంటె నన్ను బాధించిన మాట యొకటి కలదు. పడుటకు రెండు దినములముందే పిల్లకు మడమ నొప్పి యున్నదట. ఏల చెప్పలేదే యని యడుగగా "చెప్తే అమ్మకు చిన్నతనం కదా పెద్దమ్మా" అన్నది.

కాలు బాగుపడిన పిమ్మట గురువుగారు మా యిద్దఱిని ప్రక్కన కూర్చుండబెట్టి పిల్లచేత కొన్ని పనులు చేయించిరి. అరమండిలో నిలిపిరి: మోకాళ్లు పాదపు వ్రేళ్ల దిక్కుననే యున్నవా, లోపలికి వాలుచున్నవా చూడుడనిరి. ఒక్క యడుగునే మూడు కాలములలో వేయించిరి. మొదటి కాలమున చక్కగా కూర్చున్న పిల్ల మూడవ కాలమునకు కొంచెము కొంచెముగా పైకి లేచిపోయినది. పిదప ఒంటికాలిపై నిలిచి కన్నులు మూయుమనిరి. నాలుగు లెక్కించులోపల రెండవ కాలు నేలకు తగిలినది. ఒంటికాలి మడమ ఎత్తుచు దించుచు నుండుమనగా చీలమండ వడకినది. "ఇదంతా పళ్లేనికి సంబంధించినదేనా?" యని మా చెల్లెలడిగినది. "పళ్లెం కొత్తగా ఏమీ నేర్పదమ్మా. నేల మీది తప్పును పెద్దది చేసి చూపిస్తుంది" అనిరి.

ఐరోపాలోని బాలే నృత్యమునందును తల్లులకు ఇదే తొందర. అచ్చట బాలికలు మొన గట్టిచేసిన జోళ్లు తొడిగి కాలివ్రేళ్ల కొనలపై నిలుతురు. 1832లో పారిస్ నగరమున మేరీ టాగ్లియోని అట్లు నర్తించి ఆ పద్ధతికి గొప్ప పేరు తెచ్చినది. బరువంతయు వ్రేళ్ల కొనలపై బడును. ఆ వయస్సున పాదపుటెముకలు పూర్తిగా గట్టిపడియుండవు. అందుచే నాట్యవైద్యులు సాధారణముగా 12 ఏండ్లకు ముందు వలదందురు. ఆ వయస్సు వచ్చినను నడుము, చీలమండ, పాదము బలపడి కొన్నేండ్ల సాధన యున్నగాని ఆ జోళ్లు తొడుగనీయరు. మన పళ్లెము మీద బరువు అరికాలిపైననే యుండును గనుక ఆ లెక్క ఉన్నదున్నట్లు మనకు వర్తింపదు. అయినను వారును పిల్లను ఒంటికాలిపై నిలిపి చూతురని తెలిసి నేను ఆశ్చర్యపడితిని.

గురువు పిల్లను చూచునది ఒక గంట. తక్కిన వేళలలో చూచునది తల్లి. ఉదయము మంచము దిగునపుడు కుంటుచున్నదా? రాత్రి ఎవరును చూడకుండ మడమ రుద్దుకొనుచున్నదా? ఇవి గురువుగారికి కనబడవు. మఱియొకటి: పరికిణీ అంచు విప్పి పొడుగు చేయవలసివచ్చు నెలలలో పిల్ల గబగబ ఎదుగుచుండును. కాళ్లు పొడవగును, నిన్న కుదిరిన నిలుకడ నేడు తప్పును, మడమలు నొచ్చును. అది సోమరితనము కాదు. ఆ కొలది నెలలు పళ్లెము మాట యెత్తకుండుటయే మేలు. ఈ సంగతి గురువుగారికి తెలియజేయవలసినది మనమే. ఇంటి పళ్లెముతో ఇంటి నేలపై గురువు లేని సాధన మాత్రము ఎన్నడును వలదు, ఎఱిగి చెప్పుచున్నాను.

పోయిన దసరాకు మా పిల్లకు పదునొకండేండ్లు నిండినవి. ఒకనాటి సాయంకాలము గురువుగారే పళ్లెము తెచ్చి, దాని రెండు చేతులును పట్టుకొని ఎక్కించిరి. ఆనాడు నడిపింపలేదు. ఎక్కుట, నిలుచుట, దిగుట, అంతే. మా చెల్లెలు సెల్‌ఫోను సంచిలోనుండి తీయలేదు. నా పాత పళ్లెమును కూడ కొనిపోయి చూపితిని గాని, అంచు పలుచన, పనికిరాదనిరి. దానిలో ఇప్పుడు బియ్యమేరుకొనుచున్నాను.