తనిఖీ అధికారి విచక్షణ: ఒక కంప్యూటర్ ఆట, ఒక టోల్‌ప్లాజా

గత పాఠంలో విచక్షణాధికారం గురించి చదివారు. నిబంధనకూ, దాన్ని అమలుచేసే ఉద్యోగి నిర్ణయానికీ మధ్య ఉండే వెసులుబాటే అది. ప్రజలతో నేరుగా వ్యవహరించే కిందిస్థాయి ఉద్యోగుల నిర్ణయాలే ఆచరణలో ప్రభుత్వ విధానం అవుతాయని మైఖేల్ లిప్‌స్కీ 1980లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. ఏళ్ల తరబడి ఈ మాట తరగతిలో చెప్పాను. అది నాకు నిజంగా ఒంటబట్టింది మాత్రం ఉద్యోగ విరమణ తరవాత, మనవడు నేర్పిన ఒక ఆట వల్ల.

ఆట పేరు ‘పేపర్స్, ప్లీజ్’. లూకాస్ పోప్ 2013లో విడుదల చేశాడు. కాలం 1982, స్థలం ఆర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత దేశం. ఆడేవారే సరిహద్దు తనిఖీ అధికారి. పాస్‌పోర్టులో ఫొటో, గడువు తేదీ, జారీ అయిన నగరం సరిచూసి లోపలికి పంపాలి, లేదా వెనక్కి పంపాలి. నిబంధనలు తరచూ మారుతుంటాయి. సరిగా తనిఖీ చేసిన ఒక్కొక్కరికి 5 క్రెడిట్ల చొప్పున జీతం. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరిక చీటీ, ఆ పైన జరిమానా. ఇంటి అద్దె, తిండి, మందులు ఆ జీతంలోనే గడవాలి. ఆలోచిస్తూ కూర్చుంటే వరస కదలదు.

ఒక రోజు పత్రాలన్నీ సరిగా ఉన్న ఒకతను వస్తాడు. వెనక తన భార్య వస్తోందనీ, దయ చూడమనీ వేడుకుంటాడు. ఆమెకు ప్రవేశ అనుమతి పత్రం లేదు. మొదటిసారి ఆడినప్పుడు ఆమెను వెనక్కి పంపాను, చీటీ రాలేదు. రెండోసారి లోపలికి పంపాను, చీటీ వచ్చింది. అప్పటికే రెండు తప్పులు చేసి ఉంటే జరిమానా కూడా పడేది.

ఇప్పుడు కర్నూలుకు వద్దాం. 2014 జూన్ 2 దాకా కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లడమంటే సొంత రాష్ట్రంలో ప్రయాణమే. విభజన తరవాత ఆ దారిలో ఇటు పంచలింగాల చెక్‌పోస్టు, అటు తెలంగాణ వైపు పుల్లూరు టోల్‌ప్లాజా. 2021 మేలో, కోవిడ్ రెండో విడతలో, హైదరాబాదు ఆసుపత్రులకు బయలుదేరిన అంబులెన్సులను పుల్లూరు దగ్గర ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైందన్న ఆధారం, ముందస్తు అనుమతి కావాలన్నారు. పడకల కొరత నిజమే, కాబట్టి ఆ నిబంధనకు కారణం లేదనలేం. కానీ టోల్‌ప్లాజా దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ పత్రం ఉందో లేదో చూడగలడే గాని, లోపల పడుకున్న మనిషికి ఇంకెంత వ్యవధి ఉందో చెప్పలేడు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆటలో అర్హత లేనివారిని పంపినా చీటీ వస్తుంది, అర్హులను ఆపినా వస్తుంది. మన కార్యాలయాల్లో అలా ఉండదు. పంపకూడని వారిని పంపితే మెమో వస్తుంది. పంపవలసిన వారిని ఆపితే, ఎవరో కోర్టుకెక్కితే తప్ప, అది ఏ రిజిస్టరులోనూ పడదు. అందువల్ల అనుమానం వచ్చినప్పుడల్లా ఆపడమే ఉద్యోగికి క్షేమం. దీన్ని ఆ ఉద్యోగి కఠిన హృదయంగా రాసే జవాబులు పరీక్షల్లో చాలా చూశాను. అది అసంపూర్ణమైన జవాబు.

అభ్యాసం: కడప జిల్లా విద్యార్థులు దీనికోసం సరిహద్దు దాకా వెళ్లనక్కర్లేదు. మీ ఊరి చౌకధరల దుకాణంలో వేలిముద్ర పడని ముసలమ్మను డీలరు తిప్పి పంపితే ఆ సంగతి ఎక్కడ నమోదవుతుంది? బియ్యం ఇచ్చి పంపితే ఎక్కడ నమోదవుతుంది? అడిగి తెలుసుకుని పది వాక్యాల్లో రాయండి.